పారబోసిన పాలు

అనగనగా ఒక రాజు. ఆయనగారి సంగతి అలా ఉంచి, ఆయన రాణి హేమాంగి కథ వినండి పిల్లలూ.

హేమాంగి చిన్నప్పుడు జ్వరకేతుడనే మాంత్రికుడు వాళ్ళ ఊరి మీదికి విషపు పొగ వదిలాడు. ఎందరో పోయారు. హేమాంగి జ్వరంతో పోరాడి బతికింది.

ఆమెకు పెళ్ళయింది, పెద్దకొడుకు పుట్టాడు. ఆ కోటలో ఒక దిక్కుమాలిన ఆచారం ఉండేది. బాలింతకు మొదట వచ్చే పచ్చటి పాలు చెడ్డవని పిండి పెరట్లో పారబోసి, బిడ్డను దాదికి ఇచ్చేసేవారు. హేమాంగి మనసు ఒప్పలేదు. అయినా పెద్దవాళ్ళకు తెలియదా అనుకుని ఊరుకుంది. రెండోవాడికీ అంతే. రెండుసార్లూ ఆ పాలను పెరట్లో పిల్లి నాకేసింది. మూడోవాడు మణిధరుడు మాత్రం ప్రయాణంలో, పల్లకీలో పుట్టాడు. దగ్గర దాది లేదు, తల్లే పాలిచ్చింది.

ముగ్గురూ ఎదిగారు. ఏడు సముద్రాల అవతల జ్వరకేతుడు ఒక రాకుమారిని చెరపట్టాడని తెలిసింది. పెద్దవాడు వెళ్ళాడు, పొగ పీల్చాడు, పడిపోయాడు. రెండోవాడు వెళ్ళాడు, పొగ పీల్చాడు, పడిపోయాడు.

"నిన్ను పంపను నాయనా. నువ్వొక్కడివే మిగిలావు," అని హేమాంగి ఏడ్చింది.

"అన్నల్ని తీసుకురావాలి కదమ్మా," అన్నాడు మణిధరుడు. ముసలి పిల్లి కూడా వెంట బయల్దేరింది.

ఏడు సముద్రాలు దాటారు. పొగ కమ్ముకుంది. మణిధరుడు మూడుసార్లు తుమ్మాడు, అంతే. పిల్లీ తుమ్మింది, అంతే.

"మనకేమీ కాలేదేం?" అన్నాడు.

"మీ అమ్మ ఒంట్లో ఈ పొగను ఓడించిన కావలివాళ్ళున్నారు రాజా," అంది పిల్లి. " కంటికి కనబడరు. పాలతో నీలోకి దిగి, నీ ఒంట్లోని కావలివాళ్ళకు పోరాటం నేర్పారు."

"మరి అన్నలకో?"

పిల్లి తల దించుకుంది. "వాళ్ళ వాటా నేను తాగాను."

పొగ నడుమ పంజరంలో చిలుక ఉంది, అందులో మాంత్రికుడి ప్రాణం ఉంది. మణిధరుడు పంజరం తెరిచాడు, పిల్లి చిలుక గొంతు పట్టింది. జ్వరకేతుడు కూలిపోయాడు. పొగ విడిపోయింది. అన్నలు మాత్రం లేవలేదు.

మణిధరుడు రాకుమారిని తీసుకువచ్చి పెళ్ళాడాడు. పిల్లి హేమాంగికి అంతా చెప్పింది. ఆమె పిల్లిని ఒక్క మాట అనలేదు. "నా బిడ్డల పాలు పారబోస్తుంటే చూస్తూ ఊరుకున్నదాన్ని నేనే," అంది.

మనవడు పుట్టినప్పుడు ముసలమ్మలు గిన్నె పట్టుకొచ్చారు. హేమాంగి ఆ గిన్నె లాక్కుని, బిడ్డను కోడలి రొమ్ముకు చేర్చింది.

మణిధరుడు చాలాకాలం రాజ్యాన్ని చల్లగా ఏలాడు. హేమాంగి మాత్రం రోజూ పిల్లిని ఒళ్ళో పెట్టుకుని, ఒకసారి పెద్దవాడి పేరు, ఒకసారి రెండోవాడి పేరు పెట్టి పిలిచేది. రెండు పేర్లకీ అది పలికేది.