ప్రవర్తన: మంచిది

ఆ శనివారం మధ్యాహ్నం సువర్చల మేడమ్ ఏడు టీసీలు ముందు పెట్టుకుని, పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశారు.

"పోతురాజు గారూ, ఈ పదకొండో గడిలో ఏం రాశారు?"

నేను వంగి చూడక్కర్లేదు. ఇరవై రెండేళ్ళుగా స్కూలు గుమాస్తాగా ఆ గడిలో ఒకటే మాట రాస్తున్నాను. "అది ప్రవర్తన గడి అండీ. మంచిది అని రాశాను."

"ఏడుగురికీనా?"

"ఏడుగురికీ అండీ."

"ప్రవర్తన బాగా లేదనే కదా వీళ్ళని స్కూల్లోంచి పంపిస్తున్నాం?"

నేను రివాజు చెప్పాను. ఎంత గడుగ్గాయికైనా టీసీలో మంచిదనే రాస్తాం. చెడ్డదని రాస్తే ఇంకే స్కూలూ గేటు దాటనివ్వదు. చదువు అక్కడితో సరి. అందుకే ఏ హెడ్మాస్టరైనా ఆ గడి చదవకుండా కింద సంతకం పెట్టేస్తాడు.

చదవకుండా సంతకం పెట్టడం మా మేడమ్‌కి చేతకాదు. ఒకసారి బస్సు చెడిపోయి ఆరు నిమిషాలు ఆలస్యంగా వచ్చి, హాజరు పట్టీలో తన పేరు పక్కన తనే ఎర్రగీత గీసుకుని, సగం రోజు సెలవు రాసుకున్న మనిషి ఆవిడ. ఏడు టీసీలూ మళ్ళీ ఫైల్లో పెట్టేశారు.

"మంచిది అంటే అబద్ధం. చెడ్డది అంటే పిల్లల నోట్లో మట్టి కొట్టినట్టు. రేపు మా మాస్టారి దగ్గరికి వెళ్దాం. ఫైలు పట్టుకురండి," అన్నారు.

ఆవిడ సంగతి కాస్త చెప్పాలి.

బెజవాడలో మాది కొండవాలు మున్సిపల్ హైస్కూలు. ఆ పేరు చెబితే ఒకప్పుడు జనం మూతి తిప్పేవాళ్ళు. గోడ ఎక్కడ తక్కువ ఎత్తుందో దూకే పిల్లలకీ తెలుసు, మాకూ తెలుసు. ఎవరం ఏమీ అనేవాళ్ళం కాదు. పది గంటలకి వచ్చిన టీచరు పెందలాడే వచ్చినట్టు లెక్క. పదో తరగతిలో నూటికి ముప్ఫై ఒక్కమంది పాసైన ఏడాది అప్పటి హెడ్మాస్టరు గారు మిఠాయి పంచిపెట్టారంటే మా సంగతి మీకు అర్థమయ్యే ఉంటుంది.

సువర్చల మేడమ్ వచ్చిన మొదటి రోజు కుర్చీలో కూర్చోలేదు. తిన్నగా ఆడపిల్లల మరుగుదొడ్డి దగ్గరికి వెళ్ళారు. తలుపుకి గడియ లేదు, లోపల కుళాయి లేదు. గడియ, కుళాయి వచ్చేదాకా మూడు రోజులు ఆ వరండాలోనే బల్ల వేసుకుని పనిచేశారు. ఆఫీసర్లు ఎవరైనా వస్తే అక్కడికే రావాలి. ఆ వాసన భరించలేకో ఏమో, మూడో రోజుకల్లా పని పూర్తయింది.

తర్వాత గేటు. తొమ్మిదికి మూత. ముందు టీచర్లకి, ఆ తర్వాతే పిల్లలకి. బెత్తం ముట్టుకోగా నేను చూడలేదు. ఆవిడ చూసే చూపు చాలు, ఎనిమిదో తరగతి మొత్తం చొక్కా గుండీలు పెట్టుకునేది. ఎవరైనా పిల్లలు రెండు రోజులు రాకపోతే, మూడో రోజు పొద్దున్నే ఆరింటికి కొండ మెట్లెక్కి వాళ్ళ ఇంటి ముందు నిలబడేవారు. వెనక నేను, రిజిస్టరు చంకలో పెట్టుకుని, ఆయాసపడుతూ. తిట్టుకున్నాను కూడా. మనసులోనే లెండి.

మూడేళ్ళు తిరిగేసరికి ముప్ఫై ఒకటి కాస్తా ఎనభై ఎనిమిదైంది. మూతి తిప్పిన జనమే సీటు కోసం సిఫార్సు ఉత్తరాలు తెచ్చారు. నేను మా అమ్మాయిని కాన్వెంటు మాన్పించి ఇక్కడ వేశాను. ఇంతకంటే ఏం చెప్పను? మా గేటు పక్కన పాస్ శాతం రాసే నల్లబోర్డు ఒకటుంది. దాని ముందు నుంచి నడిచిన ప్రతిసారీ నా నడక మారిపోయేది.

ఆ బోర్డు మీద ఇప్పటిదాకా నూరు పడలేదు. ఎందుకు పడలేదో చెప్పడానికే ఇదంతా. సిగ్గుపడి చెప్పడం లేదు, గొప్పగానే చెబుతున్నాను.

తొమ్మిదో తరగతిలో ఏడుగురున్నారు. ఐదుగురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. ఒకడు బ్లేడుతో పక్కవాడి సంచి కోశాడు. ఇద్దరు సైన్సు టీచరు స్కూటరు టైర్లలో గాలి తీశారు. మిగతావాళ్ళు స్కూల్లో కంటే సినిమా హాలు దగ్గరే ఎక్కువగా దొరికేవాళ్ళు. ఇక దీవెన అనే పిల్ల ఉంది. చేతులతో ఏమీ చేయదు, అంతా నోటితోనే. "మీకు రాకపోతే మాకెలా చెప్తారు టీచర్?" అని తెలుగు టీచరుని నిండు క్లాసులో అనేసింది. ఆ రోజు టీచరు తప్పే చెప్పారు, అది వేరే విషయం.

మేడమ్ వాళ్ళని మూడుసార్లు పిలిచి చెప్పారు. నాలుగోసారి టీచర్లంతా మీటింగులో ఒకే మాట మీద నిలబడ్డారు. వచ్చే ఏడాది పదో తరగతిలో నూటికి నూరు రావాలంటే ఈ ఏడుగురూ ఉండకూడదు. వాళ్ళని చూసి మిగతావాళ్ళు కూడా పాడవుతారు. మూడేళ్ళ కష్టం బూడిదలో పోస్తామా మేడమ్, అన్నారు. నేనూ తలాడించాను. నూరు అన్న అంకె ఆ బోర్డు మీద ఎలా ఉంటుందో అప్పటికే కలలో చూసుకుంటున్నాను మరి.

కన్నవాళ్ళని పిలిపిస్తే వాళ్ళు ఎదురు మాట్లాడలేదు. "మీరేం చేసినా మా పిల్లల మంచికేనమ్మా," అన్నారు. అలా ఆ ఏడు టీసీలు తయారయ్యాయి.

ఆదివారం పొద్దున మాస్టారింటికి వెళ్ళాం. కరీముల్లా మాస్టారు మా మేడమ్‌కి తెనాలి పక్క పల్లెటూళ్ళో తెలుగు చెప్పారు. ఆవిడకి అక్షరం వచ్చినా, వ్యాకరణం వచ్చినా, ఎర్రగీత గీయడం వచ్చినా ఆయన దగ్గరే. రిటైరయ్యాక కూతురి దగ్గరుంటున్నారు, మా కొండ మీదే.

ఆయన వరండాలో చాప మీద కూర్చుని మునగాకు దూస్తున్నారు. స్కూలంతా గడగడలాడే మా మేడమ్ ఆ చాప మీద ఒక మూల ఒదిగి కూర్చుని, తనూ ఒక రెమ్మ అందుకున్నారు. విషయమంతా చెప్పారు.

"ఏవీ, చూపించు," అన్నారు మాస్టారు.

ఒక్కో టీసీ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివారు.

"ఈ దీవెన ఇల్లెక్కడమ్మా?"

"నీళ్ళ ట్యాంకు వెనక, మూడో గుమ్మం. వాళ్ళమ్మ అపార్టుమెంట్లలో పనికెళ్తుంది. తెల్లవారుజామున లేచి నీళ్ళు పట్టేది ఈ పిల్లే మాస్టారూ."

"ఈ అబ్బాయి?"

"చర్చి మెట్ల పక్కన. తండ్రి హమాలీ. వీడికి ఎడమ చెవి సరిగ్గా వినపడదు. ముందు బెంచీలో వేశాను, కూర్చోడు."

ఏడుగురి గురించీ అడిగారు. ఏడుగురి గురించీ మేడమ్ ఫైలు చూడకుండా చెప్పారు. మాస్టారు ఆకు దూయడం ఆపేసి విన్నారు. అంతా అయ్యాక కాగితాలు సర్ది ఆవిడ చేతికిచ్చారు.

"సంతకం పెట్టు."

"మాస్టారూ, మంచిది అనేనా?"

"ఉన్నది ఉన్నట్టే ఉంచి పెట్టు."

"అబద్ధం కదా మాస్టారూ?"

"సువర్చలా, నేను పెట్టమంటున్నాను."

అంతే. కూతురు తెచ్చిన టీ తాగి లేచాం. దారిలో నాకు గుండెల మీంచి బరువు దిగింది. రివాజే గెలిచింది కదా అనుకున్నాను.

సోమవారం ఏడు టీసీలూ ఇచ్చేశాం. ఆరుగురు మడిచి జేబుల్లో, సంచుల్లో పెట్టుకుపోయారు. దీవెన మాత్రం నా బల్ల దగ్గరే నిలబడి పై నుంచి కింద దాకా చదివింది.

"ప్రవర్తన మంచిదంట. ఎవరు రాశారు సార్?"

"నేనే రాశాను."

"సంతకం?"

"మేడమ్‌దే."

ఏదో ఒకటి అంటుందని కాచుకుని ఉన్నాను. ఆ కాగితం మడవకుండా, నలగకుండా, రెండు పుస్తకాల మధ్య పెట్టుకుని వెళ్ళిపోయింది.

మంగళవారం తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. మేడమ్ ఎప్పటిలాగే గేటు దగ్గర నిలబడ్డారు. కొండ మెట్ల మీంచి కరీముల్లా మాస్టారు దిగి వస్తున్నారు. ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ, నెత్తిన టోపీ, చేతిలో సంచి. ఆయన వెనక ఏడుగురు. అందరి తలలకీ నూనె, అందరి గుండీలూ పెట్టి ఉన్నాయి.

మేడమ్ గబగబా ఎదురెళ్ళారు. "మాస్టారూ, మీరెందుకు దిగారు? కబురు చేస్తే నేనే వచ్చేదాన్ని కదా!"

"నేను మీ మాస్టారిగా రాలేదండీ హెచ్చెమ్ గారూ. పిల్లల్ని చేర్పించడానికి వచ్చాను. అడ్మిషన్లు చూసేది ఎవరు?"

ఆయన ఆవిడని మీరు అనడం నేను విన్నది అదే మొదలు. మేడమ్ మొహం కందిపోయింది. నేనే ముందుకెళ్ళి ఆఫీసు గదిలోకి తీసుకొచ్చాను. కుర్చీ వేస్తే కూర్చోలేదు. సంచిలోంచి ఏడు దరఖాస్తులు తీసి బల్ల మీద పెట్టారు. అన్నీ ముత్యాల్లాంటి ఆయన చేతిరాతే. ఒక్కోదానికీ వెనక మేమిచ్చిన టీసీ గుచ్చి ఉంది.

మేడమ్ గొంతు తగ్గించారు. "మాస్టారూ, వీళ్ళ సంగతి మీకు తెలియదు."

"తెలుసు. ప్రవర్తన మంచిది అని ఉంది. కింద మీ సంతకం ఉంది."

"అది రివాజుగా రాసే మాట మాస్టారూ."

"సంతకం కూడా రివాజేనా?"

మేడమ్ తల వంచుకున్నారు. ఆవిడ తల వంచడం నేను మూడేళ్ళలో చూడలేదు. నాకు మాస్టారి మీద కోపం కూడా వచ్చింది. ఎంత గురువైతే మాత్రం స్కూలుకి ఇంత చేసిన మనిషిని పిల్లల ముందు అలా అడగొచ్చా?

కానీ ఆయన అక్కడితో ఆగలేదు. ఈసారి నా వైపు తిరిగి, ఎంతో మురిపెంగా అన్నారు. "పోతురాజు గారూ, ఈ కొండ మీద ఏడిళ్ళకి వెళ్ళాను. మళ్ళీ చేర్చుకోరు మాస్టారూ, అన్నారు అందరూ. ఈ సంతకం ఎవరిదో చూడండి అన్నాను. ఇంక మారు మాట్లాడకుండా పిల్లలకి తలలు దువ్వారు. నా శిష్యురాలి సంతకానికి ఆ విలువుంది."

మేడమ్ తలెత్తారు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి గానీ గొంతు మాత్రం ఎప్పటి గొంతే. "పోతురాజు గారూ, రూలేమంటుంది?"

"దరఖాస్తు ఉందండీ. టీసీ ఉంది. ప్రవర్తన మంచిదని ఉంది," అన్నాను. తర్వాత రిజిస్టరు తిరగేసి చూసుకున్నాను. "తొమ్మిదో తరగతిలో ఖాళీలు కూడా ఉన్నాయండీ. సరిగ్గా ఏడు."

నేను పెన్ను తీసేలోపే ఆవిడ రిజిస్టరు తన వైపు లాక్కున్నారు.

"పేరు?"

"మీకు తెలుసు కదా మేడమ్," అంది దీవెన.

"అడిగినదానికి చెప్పు."

"దీవెన అండీ."

ఏడు పేర్లూ ఆవిడే రాశారు. ఒక్క కొట్టివేత లేకుండా, ఏడు వరసల్లో. కింద సంతకం పెట్టాక ఏడుగురినీ బయట వరండాలో నిలబడమన్నారు. వాళ్ళు వెళ్ళాక లేచి మాస్టారి ముందు నిలబడ్డారు. అప్పుడు ఆవిడ హెచ్చెమ్‌లా లేరు.

"ఒక్క మాట మాస్టారూ. అబద్ధానికి సంతకం పెట్టొద్దని నేర్పింది మీరే. అబద్ధమని తెలిసీ నా చేత ఎందుకు పెట్టించారు?"

మాస్టారు ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నారు. క్లాసులో అడిగినట్టే అడిగారు.

"ప్రవర్తన మంచిది. ఈ వాక్యంలో క్రియ ఏదమ్మా?"

మేడమ్ చేతులు కట్టుకున్నారు. "లేదు మాస్టారూ. అది క్రియారహిత వాక్యం."

"క్రియే లేనప్పుడు, అది ఏ కాలం?"

"ఏ కాలమైనా కావచ్చు మాస్టారూ. రాబోయేదైనా," అన్నారు మేడమ్. తలుపు వైపు చూశారు. వరండాలో ఏడుగురూ గోడకి ఆనుకోకుండా నిటారుగా నిలబడి ఉన్నారు.

తొమ్మిది గంట కొట్టారు. ఆవిడ మాస్టారి పాదాలు తాకి, నా బల్ల మీది సుద్దముక్కల పెట్టె తీసుకుని వరండాలోకి నడిచారు. ఏడుగురూ ఆవిడ వెనకే వెళ్ళారు. ఆ రోజు తొమ్మిదో తరగతికి మొదటి పీరియడు ఆవిడే చెప్పారు.