సలోమి ఉపవాసం

నాకు గర్వం లేదు తల్లీ, దేవుడి దయ వల్ల. కానీ ఉన్నమాట చెప్పాలిగా. ఈ పేటలో పిల్లల్ని నిద్రపుచ్చాలంటే నా తర్వాతే ఎవరైనా. నా కథ సగానికి రాకముందే మీ అమ్మ నిద్రపోయేది, మీ మామయ్య నిద్రపోయేవాడు, వసారాలో మంచమేసుకున్న మీ తాతయ్య కూడా గురక పెట్టేవాడు. కథ బాగోకే నిద్రొచ్చేదని మీ మామయ్య అంటాడు. నా గొంతులో సమాధానం, అంటే శాంతి, ఉందని నేనంటాను. పాస్టరుగారి ప్రసంగానికే అంత తొందరగా ఎవరూ నిద్రపోరు, నువ్వూ చూశావుగా.

ఇటు తిరుగు హెప్సీ. కాలు నా మీద వెయ్యకు. సరే, వెయ్యి. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాను, ఇప్పుడు అది బరువో కాదో కూడా తెలీడం లేదు. విను.

అనగనగా ఒక ఊరు. మరీ అంత అనగనగా కాదులే, కరెంటూ సెల్ ఫోన్లూ ఉన్న ఊరే. ఆ ఊరి చివర, కాలవ దాటగానే, రేకుల కప్పు గుడి ఒకటి. ఆ గుడి పక్క సందులో సలోమి అని ఒకావిడ ఉండేది. మొగుడు ఇశ్రాయేలు ఆటో తోలేవాడు. కూతురు కెజియా నీ ఈడుదే. సలోమి ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది.

ఆ గుడిలో పిడికెడు బియ్యం అని ఒక అలవాటు ఉంది. అన్నానికి బియ్యం పోసినప్పుడల్లా, కడగక ముందే, ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వెయ్యాలి. ఆదివారం ఇంటింటి డబ్బాలూ తెచ్చి గుడిలో ఒకే సంచిలో గుమ్మరిస్తారు. సన్నబియ్యం, కోటాబియ్యం, నూకలు, పాతవి, కొత్తవి, అన్నీ కలిసిపోతాయి. ఆ తర్వాత ఆ సంచి లేనివాళ్ళ ఇంటికి చేరుతుంది.

ఆ బియ్యం వండితే ఎలా ఉంటుందో తెలుసా? కొన్ని మెతుకులు ముద్దైపోతాయి, కొన్ని పలుకు మీదే ఉంటాయి. ఎంత చెయ్యి తిరిగినవాళ్ళు వండినా అంతే.

ఆ సంచి మోసేది సలోమే. స్త్రీల సమాజానికి సెక్రటరీ ఆవిడ. ఎక్కువసార్లు రాహేలమ్మ ఇంటికే వెళ్ళేది. రాహేలమ్మ ముసలావిడ, ఒంటరిది, నోరు కాస్త పదును. "దేవుడు పంపాడు పెద్దమ్మా" అని సలోమి సంచి దించేది. అప్పుడు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టేది. ఆదాము దగ్గర మొదలుపెట్టి ఊళ్ళోవాళ్ళందరినీ పలకరించి గాని ఆమెన్ అనేది కాదు.

ఇలా ఉండగా ఒకరోజు ఇశ్రాయేలు ఎవరిదో ఉల్లిపాయల బస్తా ఆటోలోకి ఎత్తబోయాడు. బస్తా పైకి లేచింది, మనిషి కింద కూర్చున్నాడు. నడుం పట్టేసింది. డాక్టరుగారు చూసి, బెల్టు పెట్టుకుని కదలకుండా పడుకోమన్నారు. అప్పట్నుంచి ఆటో పట్టా కప్పుకుని సందులో పడుకుంది, ఇశ్రాయేలు దుప్పటి కప్పుకుని ఇంట్లో పడుకున్నాడు. పెళ్ళిళ్ళ కాలం అయిపోయింది, జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు లేరు. కోటాబియ్యం నెల సగంలోనే అడుగంటాయి.

అప్పుడు సలోమి మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేసింది. "ప్రభువా, భారం నీ మీద వేస్తున్నాను" అంది. వేసింది, అబద్ధం కాదు. కానీ లేచేటప్పుడు ఆ భారాన్నే మళ్ళీ కొంగున కట్టుకుని లేచేది.

ఎవరికైనా చెప్పొచ్చుగా అంటావు. చెప్తే విశ్వాసం తక్కువైనట్టు అని ఆవిడ అనుకుంది. రోజూ పొద్దున్నే ఫోన్లో గుడి గ్రూపులో వాగ్దానం, అదే బైబిల్లో దేవుడిచ్చిన మాట, పెట్టేది ఆవిడే. దేవుడు మన అవసరాలన్నీ చూసుకుంటాడని పొద్దున పెట్టిన మనిషి, సాయంత్రం మా ఇంట్లో బియ్యం లేవని ఎలా పెడుతుంది? పువ్వుల బొమ్మ వేసి పెట్టినా బాగోదు.

ఉన్న కాసిని బియ్యం మొగుడికీ కూతురికీ వండేది. తను తినేది కాదు. అది తెలియకుండా ఉండాలి కదా. ఎలా?

మొదటిది శుక్రవారం. ఆ రోజు గుడిలో అందరికీ ఉపవాస ప్రార్థనే. సలోమికి ఆ రోజు హాయిగా గడిచింది. అందరితో పాటే తనూను.

ఆ తర్వాత బుధవారం. పక్కింటి ప్రియాంబ గిన్నెలో ఇడ్లీలు పెట్టుకుని వచ్చింది. "తిన్నావా అక్కా?" అంది. సలోమి తినలేదనబోయింది. కానీ నోరు దాని పని అది చేసుకుపోయింది. "ఉపవాసం ప్రియా" అంది.

"బుధవారం కూడానా అక్కా? నీ భక్తి మాకెప్పుడొస్తుందో ఏమో" అంది ప్రియాంబ. అని, ఆ ఇడ్లీ గిన్నె మళ్ళీ మూతపెట్టి ఇంటికి తీసుకుపోయింది. సాంబారు వాసన మాత్రం కాసేపు గుమ్మంలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత పాస్టరమ్మగారు దయామణి. "ఏం సలోమీ, చిక్కిపోయావు?" అంది గుడి మెట్ల దగ్గర. "నెలంతా ఉపవాసం పట్టానండీ. రాత్రికి మాత్రం ఒక ముద్ద" అంది సలోమి. ఆ ముద్ద కూడా ఉండేది కాదు ఒక్కోరోజు. పాస్టరమ్మగారు ఆవిడ చెయ్యి పట్టుకుని ఏదో అనబోయి, అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఉపవాసం ఉంటే ఎవరికీ తెలియనివ్వకూడదని పాస్టరుగారు చెప్తుంటారు. సలోమి అందరికీ తెలియనిచ్చింది. లేకపోతే ఆకలని తెలిసిపోతుంది మరి.

ఇక చూడు. సలోమి భక్తి గురించి పేటంతా పాకింది. ప్రార్థన చెయ్యమని ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఒకావిడ కొడుకు ఇంటర్ పాసవ్వాలని వచ్చింది. ఒకాయన ఫ్రిజ్ బాగుపడాలని వచ్చాడు. ఒకమ్మాయి అత్తగారి నోటికి కాస్త విశ్రాంతి ఇవ్వమని దేవుడితో చెప్పమంది. సలోమి అందరి తలల మీదా చెయ్యి పెట్టింది. తిండిలేక ఆ చెయ్యి వణికేది. "దేవుడి అభిషేకం ఆవిడ మీదికి దిగుతోంది" అనుకుని వాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక సలోమి గోడ పట్టుకుని కూర్చునేది. ఆవిడ గనక పడిపోతే ఆ ఇంట్లో లేపేవాళ్ళు లేరు. ఆయనా మంచం మీదే, పిల్లా చిన్నదే.

ఇంత జరుగుతున్నా పిడికెడు బియ్యం ఆపలేదు. పిడికిలి చిన్నదైంది, అంతే.

"ఈ పూటకి ఆపరాదుటే" అన్నాడు ఇశ్రాయేలు మంచం మీంచి. "దేవుడేమన్నా ఆకలితో ఉన్నాడా?"

"నడుం పట్టేసింది గానీ నీ నోరు పట్టెయ్యలేదు" అంది సలోమి.

"నువ్వు తిని ఎన్నాళ్ళయింది?"

"ఉపవాసం అన్నానుగా."

"నాక్కూడా అదే చెప్తావా?" అన్నాడు. ఇశ్రాయేలు గోడవైపు తిరుగుదామనుకున్నాడు, నడుం తిరగనివ్వలేదు. కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు ఆదివారం వచ్చింది. ఆరాధన అయ్యాక సలోమి సంచి భుజానికెత్తుకుని రాహేలమ్మ ఇంటికి బయల్దేరింది. దారిలో రెండుచోట్ల దించి మళ్ళీ ఎత్తుకుంది. ఎలాగో చేరింది. "దేవుడు పంపాడు పెద్దమ్మా" అని సంచి దించింది. కళ్ళు మూసుకుంది. ఆదాము దాకా కూడా వెళ్ళలేదు, కళ్ళు వాటంతటవే తెరుచుకున్నాయి. సంచి మూతి విడి ఉంది. ఆవిడ చూపు అక్కడే ఆగిపోయింది.

"ఏమ్మాయ్, ఆపేశావు?" అంది రాహేలమ్మ.

"మర్చిపోయాను పెద్దమ్మా."

"నువ్వా? ప్రార్థనలోనా? మొన్న నువ్వు ఆమెన్ అనేలోగా నా పొయ్యి ఆరిపోయింది కదే."

సలోమి నవ్వబోయింది, రాలేదు.

"ఉపవాసం ఉన్నావంటగా."

"అవును పెద్దమ్మా."

"ఉపవాసం ఉన్నవాళ్ళు బియ్యాన్ని చూడరమ్మాయ్. మొహం తిప్పుకుంటారు. ఇప్పుడు నువ్వు చూస్తున్నావే, ఆ చూపు నాకు తెలుసు. నువ్వు సంచి దించి గుమ్మంలో నిలబడి ప్రార్థన చేసినన్నాళ్ళూ, నేను కళ్ళు తెరుచుకుని చూసిన చూపే అది."

సలోమి గడప మీద కూలబడింది. రాహేలమ్మ ఇంకేం అడగలేదు. సంచిలోంచి ఒక గ్లాసుడు తీసి, కడిగి, ఎసట్లో పోసింది.

"నాకొద్దు పెద్దమ్మా. అది నీకు దేవుడు పంపింది."

"నాకు పంపితే నా ఇష్టం. కూర్చో."

"నేను దేవుణ్ణే నమ్ముకున్నాను. మనుషుల్ని అడిగితే ఆయన మీద నమ్మకం లేనట్టేగా?"

రాహేలమ్మ పొయ్యి ఊదుతూ అంది. "నువ్వు సంచి తెచ్చినప్పుడల్లా దేవుడు పంపాడన్నావు. నేను నమ్మాను. నువ్వు సలోమివని తెలుసు, అయినా నమ్మాను. ఊరికే రాలేదే ఆ నమ్మకం. మొదట్లో ప్రతి ముద్దా గొంతుకు అడ్డం పడేది. నీ చేతుల్లో పెట్టి నాకు పంపగలిగిన దేవుడు, ప్రియాంబ చేతుల్లో పెట్టి నీకు పంపలేడా? పంపే ఉంటాడు. నువ్వే వెనక్కి పంపుంటావు."

సలోమికి ఇడ్లీ గిన్నె గుర్తొచ్చింది.

అన్నం ఉడికింది. సగం ముద్ద, సగం పలుకు. రాహేలమ్మ అందులో ఉప్పు, కాస్త పచ్చిమిరపకాయల పచ్చడి వేసి కంచం ముందు పెట్టింది. సలోమి మొదటి ముద్ద చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. సంచి మోసినంత తేలిగ్గా లేదు ఆ ముద్ద ఎత్తడం. ఆ తర్వాత తింది. తిన్నాక ఇంకొంచెం అడిగింది. అడగడం అదే మొదలు.

వెళ్ళేటప్పుడు రాహేలమ్మ సగం బియ్యం కొంగులో పోసింది. "దేవుడు పంపాడు" అంది. ప్రార్థన గీర్థన ఏమీ చెయ్యలేదు. "తొందరగా పో, పిల్ల చూస్తుంటుంది" అంది.

ఆ పై ఆదివారం గుడిలో సాక్ష్యాల వేళ, అదే దేవుడు తమకు చేసిన మేలు లేచి చెప్పుకునే వేళ, వచ్చింది. అందరూ సలోమి వైపే తిరిగారు. నెలంతా ఉపవాసం చేసిన మనిషి, ఎంత గొప్ప సాక్ష్యం చెప్తుందోనని. సలోమి లేచింది.

"నేను ఉపవాసం ఉండలేదు" అంది. "ఇంట్లో బియ్యం లేవు. చెప్పడానికి సిగ్గేసింది." అని కూర్చుంది.

పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. సలోమికి భూమిలోకి దిగిపోతే బావుండుననిపించింది.

అప్పుడు పాటలు పాడే ఎలీషమ్మ లేచింది. ఎప్పుడూ ఇస్త్రీ చీరలోనే ఉండేది. "మాకూ అంతేనండీ" అంది.

ఆ తర్వాత మగవాళ్ళ వైపు నుంచి నతానియేలు తాత లేచాడు. "నాదీ ఉపవాసం కాదు" అన్నాడు. "కోడలితో పడక అలా చెప్తున్నాను."

ఆ తర్వాత ముందు వరసలోంచి, చాలాసేపటికి, పాస్టరమ్మగారు లేచింది. ఊరికే నిలబడింది. పాస్టరుగారు బల్ల దగ్గర నుంచి ఆవిడ వైపు చూసి, చూపు తిప్పుకోలేకపోయారు. ఆయనకీ ఉపవాసమనే చెప్పిందట.

ఆ రోజు సంచి గుడి దాటి వెళ్ళలేదు. "నిలబడి ఏం చూస్తారు, పొయ్యి పెట్టండి" అంది వెనక వరసలోంచి రాహేలమ్మ. గుడి వెనక పెద్ద గుండిగలో ఆ బియ్యమంతా వండారు. ప్రియాంబ పప్పుచారు కాచింది. అందరూ కూర్చుని తిన్నారు. ఎవరి మెతుకు ముద్దైందో, ఎవరిది పలుకు మీద ఉందో ఎవరూ అడగలేదు. సలోమి గిన్నెలో ఇశ్రాయేలుకి పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళింది.

ఇశ్రాయేలు నడుం మర్నాడే బాగైపోయిందా అంటావా? లేదు తల్లీ. దానికి పట్టేంత కాలం దానికి పట్టింది. ఆ సంచి మాత్రం అన్నాళ్ళూ సలోమి గుమ్మం ముందు కూడా ఆగింది. సలోమి తలుపు తీసేది.

కథ చెప్పాను గానీ, నేనింకా నేర్చుకోలేదమ్మా ఇది. మొన్న నాకు జ్వరమొచ్చి పడుకుంటే పక్కింటి తబితమ్మ జావ కాచి తెచ్చింది చూడు, "ఇప్పుడే తాగానమ్మా" అని పంపేశాను. తాగలేదు. ఆ పూటంతా ఒళ్ళు తూలుతూనే ఉంది. దేవుణ్ణి నమ్మడం నాకు వచ్చు. ఆ జావ పంపింది ఆయనే అని నమ్మడం ఇంకా రాలేదు. ఈ వయసులో వస్తుందో రాదో తెలీదు.

పడుకున్నావా? పడుకో.

పిడికిట్లో బియ్యం గుడిలోకి,
గుళ్ళోని బియ్యం గుండిగలోకి,
కథేమో వెళ్ళింది కంచంలోకి,
మనమేమో దూరాం దుప్పట్లోకి.