పక్కకి వాలిన ద్రాక్షగుత్తి

ప్రసూనకి నాలుగు నెలలుగా ఒకటే పని. పెట్టెలోంచి నాణెం తియ్యడం, చిన్న మైనపు ముద్ద మీద అంచున నిలబెట్టడం, కింద ఉన్న చక్రాన్ని ఒక గీత జరిపి ఫొటో తియ్యడం, మళ్ళీ ఒక గీత జరపడం. నాణెం ఒక చుట్టు తిరిగేసరికి డెబ్భై రెండు ఫొటోలు. వాటిని కలిపి ఇంటర్నెట్లో పెడితే, ఎక్కడో కూర్చున్నవాడు వేలితో తోస్తే చాలు, రెండువేల మూడొందల ఏళ్ళనాటి గ్రీకు నాణెం వాడి కళ్ళ ముందు తిరుగుతుంది.

అలాంటివి మూడొందల పదహారు. మెడ పట్టేసింది. కళ్ళు మూసుకున్నా చక్రమే తిరుగుతోంది. శుక్రవారానికి అన్నీ జనం ముందుకి రావాలి. ఇక మిగిలింది ఒక్కటే, వీరభద్రాచారి చూసి ఊఁ అనాలి.

బందరులో ఓడల వ్యాపారం చేసిన ఒకాయన పోగేసి పోయిన నాణేలవి. వాటిని దాచిన గదికి ఆచారే కాపలా, ఆచారే పెద్ద. అంతకుముందు చిలకలపూడిలో గిల్టు నగలకి అచ్చులు చెక్కిన చెయ్యి. సంతకం తప్ప అక్షరం ముక్క రాదు. కానీ కళ్ళు మూసుకుని అంచు తడిమి, ఇది ఫలానా అరలోది అని చెప్పేస్తాడు. ప్రసూనకి పని నేర్పింది ఆయనే. మొదటి నెలంతా నాణెం పట్టుకోవడమే నేర్పాడు. కెమెరా ముట్టుకోనివ్వలేదు.

ఆయన పట్టుదల ఊరికంతా తెలుసు. ప్రసూనకంటే ముందు భాస్కరం అనే శిష్యుడు ఒక నాణేన్ని చింతపండుతో తోమి మెరిపించాడు. తొమ్మిదేళ్ళయింది, ఆచారి అతనితో మాట్లాడి. శుభలేఖ తెస్తే చేత్తో అందుకోలేదు. కిటికీలో పెట్టి పొమ్మని వేలు చూపించాడు.

తన మీద కూడా అలా మొహం తిప్పేసుకుంటే? ఆ భయం ప్రసూనకి ఉంది. ఆ భయం పక్కనే కాస్త గర్వమూ ఉంది, ఎందుకంటే ఆమె ఒక కిటుకు కనిపెట్టింది.

ఈ నాణేలకి ముందు బొమ్మని తిన్నగా నిలబెడితే, సగం చుట్టు తిరిగాక వెనక బొమ్మ తిన్నగా రాదు. ఒకదానికి పక్కకి వాలి ఉంటుంది, ఇంకోదానికి ఏకంగా తలకిందులు. ప్రసూన ఏం చేసిందంటే, నాణెం పక్కకి తిరిగి అంచు మాత్రమే గీతలా కనబడే చోట చక్రం ఆపింది. మైనంలో నాణేన్ని సర్ది, వెనక బొమ్మని తిన్నగా నిలబెట్టి, అప్పుడు మిగతా సగం తీసింది. అతుకు ఎవరికీ కనబడదు.

"చూడండి గురువుగారూ, ఇటు గుర్రం. ఇదిగో తిరుగుతోంది. అటు ద్రాక్షగుత్తి. ఎంత తిన్నగా వేలాడుతోందో!" అంది ప్రసూన, తెర మీద వేలితో తోస్తూ.

ఆచారి కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కున్నాడు. "ఇంకోసారి తిప్పు."

తిప్పింది.

"అంచు దగ్గర ఆపు."

గీతలాంటి అంచు మీద, పై భాగాన, చిన్న గంటు. ఆచారి గోరుతో తెర మీద దాన్ని చూపించాడు. "ఇప్పుడు ఒక్కటి జరుపు."

జరిపింది. గంటు కిందికి దిగిపోయింది.

"ఇది నా నాణెం కాదు" అన్నాడు.

"అదేంటండీ! మీ చేత్తో మీరు తీసిచ్చిందే కదా."

"నేనిచ్చినదానికి గుత్తి పక్కకి వాలి ఉంటుంది."

"అది ఆ రోజుల్లో సుత్తితో నాణెం కొట్టినవాడి తప్పండీ. చూసేవాళ్ళకి అదెలా తెలుస్తుంది? ఫొటో తీసిన నాకే చేత కాలేదంటారు. అందుకే సరిచేశాను."

"అన్నిటికీనా?"

ప్రసూన తల ఊపింది.

ఆచారి లేచి మూల ఉన్న పెట్టె తెరిచాడు. దాగలి అనే ఇనప దిమ్మ తెచ్చి నేల మీద పెట్టాడు. దాని మధ్య గుంటలో పువ్వు చెక్కిన అచ్చు బిగించాడు. చిలక చెక్కిన రెండో అచ్చు, సుత్తి ఆమె చేతికిచ్చాడు. రూపాయి బిళ్ళంతేసి సీసం ముక్కలు ఒక డబ్బా నిండా ఉన్నాయి. అది ఆమె ముందుకి తోశాడు.

"కొట్టు."

"ఎన్నండీ?"

"ఉన్నన్ని."

ఇది శిక్షే అనుకుంది ప్రసూన. కొట్టింది. ముక్క పెట్టి, పై అచ్చు ఎక్కడ తిన్నగా ఉందో వంగి చూసుకుని, నిలబెట్టి, ఒక్క దెబ్బ. కొట్టి చూపిస్తాను ఈయనకి, అనుకుంది.

ఇరవై దాటేసరికి భుజం లాగింది. నలభై దాటాక అరచెయ్యి బొబ్బలెక్కింది. ఆ తర్వాత వంగి చూడటం మానేసింది. ముక్క పెట్టడం, అచ్చు ఎలా చేతికొస్తే అలా నిలబెట్టడం, కొట్టడం. కిటికీలో ఎండ ఈ గోడ మీంచి ఆ గోడ మీదికి పోయింది. ఆచారి స్టూలు మీద కూర్చుని, కొట్టినది కొట్టినట్టు తీసి, బల్ల మీద వరసగా పేరుస్తున్నాడు. డబ్బా అడుగు కనబడ్డాక ప్రసూన సుత్తి వదిలేసింది. వేళ్ళు ముడుచుకుపోయి తెరుచుకోలేదు.

"లే. చూడు."

బల్ల మీద అన్నిటికీ పైన పువ్వు, అన్నీ తిన్నగా. ఆచారి మొదటి వరస నుంచి ఒక్కొక్కటీ పుస్తకం పేజీలా పక్కకి తిప్పడం మొదలుపెట్టాడు. వెనకవైపు చిలక. మొదటి వరసలో చిలకలన్నీ బుద్ధిగా నిలబడి ఉన్నాయి. మూడో వరసలో కొన్ని పక్కకి ఒరిగాయి. చివరి వరసలో ఒకటి వెల్లకిలా, ఒకటి తలకిందులు, ఒకటి నిద్రపోతున్నట్టు.

ప్రసూన ఆ చివరి వరసనే చాలాసేపు చూసింది. తర్వాత తన చేతిని చూసుకుంది.

ఆచారి సీసం ముక్కలన్నీ డబ్బాలో పోసి మూత పెట్టాడు.

ప్రసూన, ఈ ఫొటోల పని అప్పజెప్పిన మేనేజరుకి ఫోన్ చేసింది. "శుక్రవారానికి అవదండీ."

"అదేమిటి, అయిపోయిందన్నావుగా!"

"మళ్ళీ తియ్యాలి. ఇంకో నాలుగు నెలలు."

"నీకు మతి పోయిందా అమ్మాయ్? నేను వేరేవాళ్ళని చూసుకోనా?"

"చూసుకోండి. వచ్చినవాళ్ళని ముందు ఆచారిగారి దగ్గరికి పంపండి."

అటు కేలండరు పేజీలు తిరగేసిన చప్పుడు వినబడింది. "నాలుగంటే నాలుగే" అని పెట్టేశాడు.

ప్రసూన బొబ్బలెక్కిన చేత్తోనే మైనం పిసికింది. గుర్రం నాణేన్ని నిలబెట్టి, ఒక్కొక్క గీతే జరిపింది. అంచు దగ్గరికి వచ్చాక చెయ్యి దానంతటదే నాణెం వైపు వెళ్ళింది. వెనక్కి లాక్కుంది. చక్రం జరిగింది. ద్రాక్షగుత్తి వచ్చింది, పక్కకి వాలి.

"గురువుగారూ, ఇదేంటి ఇలా ఉందని ఎవరైనా అడిగితే ఏం చెప్పను?"

ఆచారి కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు.

"కొట్టినవాడు ఆ పూటకి అప్పటికే చాలా కొట్టాడని చెప్పు."