సుద్ద గీత

పైడయ్య మేస్త్రి షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. కారు చక్రం నట్టు బిగించినవాడు దాని మీద సుద్దతో గీత గీయాలి. గీత లేని బండి గుమ్మం దాటడానికి వీల్లేదు. విజయనగరంలో ఆయన షెడ్డు పెట్టిన నాటి నుంచీ అదే పద్ధతి.

ఆయన దగ్గర పన్నెండేళ్లుగా పని చేస్తున్న సన్యాసిరావుకు ఆ వారం అన్నం సయించలేదు. ఎస్.కోటలో తెరవబోయే కొత్త షెడ్డును మేస్త్రి, నిన్నగాక మొన్న వచ్చిన దాలినాయుడికి అప్పగిస్తాడని అందరూ అనుకుంటున్నారు. దాలినాయుడు మంచివాడే, అదే మరీ మంట! బండివాళ్లు దిగుతూనే "నాయుడున్నాడా?" అని అడిగితే చాలు, సన్యాసిరావు కళ్లలో నిప్పులు పోసుకునేవాడు. నాయుడు నవ్వితే వేషం, నవ్వకపోతే పొగరు.

ఒకరోజు పొద్దున్నే ఉండబట్టలేక అడిగేశాడు.

"ఆడిలో ఏటి చూశారు మేస్త్రీ? నాలో లేనిది ఆడిలో ఏటుంది?"

మేస్త్రి గుడ్డముక్కతో చేతులు తుడుచుకుంటూ బయటికి చూశాడు. ఒకే ట్రావెల్స్‌కు చెందిన రెండు తెల్ల కార్లను డ్రైవర్లు అప్పుడే షెడ్డులోంచి తీసి బయట నిలిపి టీకి వెళ్లారు. కవలపిల్లల్లా ఉన్నాయి. ముందురోజు ఒకదాని బ్రేకులు సన్యాసిరావు, రెండోదానివి దాలినాయుడు బాగు చేశారు. మధ్యాహ్నం పెళ్లివారితో అవి అరకు ఘాటీ ఎక్కాలి.

"ఆ గోడవార బండి నట్లు ఓసారి చూసిరా" అన్నాడు మేస్త్రి.

సన్యాసిరావుకు ప్రాణం లేచొచ్చింది. తన బండైతే తననే చూడమనరు కదా, అది నాయుడిదే! నేల మీద చతికిలబడి ఒక్కొక్క నట్టుకూ పానా వేశాడు. పన్నెండేళ్లలో ఏ బండినీ అంత శ్రద్ధగా చూసి ఎరగడు. మూడో చక్రం దగ్గర పానా ఇట్టే తిరిగిపోయింది. నట్టు మీద గీత ఉంది, బిగువు లేదు. పక్క నట్టూ అంతే.

"చూశారా మేస్త్రీ!" షెడ్డంతా వినబడేలా కేకేశాడు. "గీతలు గీసేసి వదిలేశాడు మీ నాయుడు! ఘాటీలో చక్రం ఊడితే పెళ్లివారి గతేటి?"

పనివాళ్లంతా మూగారు.

మేస్త్రి గుమ్మం పక్కన వేలాడే పలక తెచ్చాడు. ఏ బండి ఎవరు చేస్తున్నారో రోజూ దాని మీదే రాసుకుంటారు. ఆ కారు నంబరు పక్కన సన్యాసిరావు పేరుంది. చేతిరాత కూడా అతనిదే.

సన్యాసిరావు చేతిలోంచి పానా జారింది. నిన్న పొద్దంతా తను ఈ చక్రాల ముందే కూర్చున్నాడు. కళ్లు మాత్రం అవతలి బండి దగ్గర నాయుడితో నవ్వుతూ మాట్లాడుతున్న డ్రైవర్ల మీదే ఉన్నాయి. చెయ్యి దాని అలవాటున అది గీతలు గీసుకుంటూ పోయింది. ఇప్పుడు తను చేసిన బండినే తను గుర్తుపట్టలేదు. సిగ్గుతో అతని తల నేలకు వాలిపోయింది.

మేస్త్రి వంగి, పానా తీసి మళ్లీ అతని చేతిలో పెట్టాడు.

"ఆడిలో ఏటి చూశానని కదా అడిగావు" అన్నాడు మెల్లగా. "నేను పెద్దగా చూడలేదు నాయనా. నిన్నంతా చూసింది నువ్వే."