కాటుక మీసం

అనగనగా కుంభావతి అనే రాజ్యం, దానికో రాజు, ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొడుక్కి పదహారేళ్ళు నిండగానే రాకుమార్తెల పటాలు తెచ్చి గోడకు తగిలిస్తారు. కుర్రాడు నచ్చిన పటానికి దండ వేస్తాడు. సంబంధం ఖాయం. పటంలోని పిల్లను ఎవరూ అడగరు.

పెద్దవాడు మందారిక పటానికి దండ వేశాడు. ఆమెను కంకాళుడనే మాంత్రికుడు ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడని తెలిసి, వెతుక్కుంటూ వెళ్ళాడు. తిరిగి రాలేదు. రెండోవాడూ అదే పటానికి దండ వేశాడు, వెళ్ళాడు, తిరిగి రాలేదు. మూడోవాడు రత్నపాలుడు. వాడూ ఆ పటానికే దండ వేసి, మూడు రోజులు అన్నం మానేశాడు. మీసం ఇంకా రాలేదు గనక కాటుకతో గీసుకుని బయలుదేరాడు.

ఒడ్డున వలలో చిక్కిన తాబేలును విడిపిస్తే, అది వాణ్ణి వీపున ఎక్కించుకుంది.

"ఎక్కడికి నాయనా?"

"నా ప్రాణం కన్నా ఎక్కువైన మందారిక కోసం, తాతా."

"ఆమెకు ఏమంటే ఇష్టం?"

"కళ్ళు కలువల్లా ఉంటాయి."

"నేనడిగింది అది కాదబ్బాయ్!"

ఏడు సముద్రాలూ తాబేలు నవ్వుతూనే ఈదింది.

కోట గుమ్మంలో పంజరం, పంజరంలో చిలుక, చిలుకలో కంకాళుడి ప్రాణం. పక్కన రెండు రాతిబొమ్మలు. అవి అన్నలే.

"మందారిక గురించి మూడు ప్రశ్నలు" అంది చిలుక. "అన్నీ నిజం చెబితే నేను నీ చేతికొస్తాను. ఒక్క అబద్ధమాడినా రాయివే. ఆమెకు దేనికి భయం? దేనికి నవ్వొస్తుంది? నిన్ను పెళ్ళాడడం ఆమెకు ఇష్టమేనా?"

"నాకు తెలియదు. పైకెళ్ళి అడిగి రానా?"

"మీ అన్నలకు ఆ మాట తోచలేదు. వెళ్ళు."

లోపలి నుంచి వింటున్న కంకాళుడు అడ్డు చెప్పలేదు. ఇంత దూరం వచ్చిన ఏ కుర్రాడూ మూడో ప్రశ్నకు కాదని చెప్పడని అతని ధీమా.

ముప్ఫై మూడు మెట్లు. పైన మందారిక పారిపోవడానికి కొబ్బరిపీచుతో తాడు పేనుతోంది. వాణ్ణి చూడగానే పకపకా నవ్వింది.

"ఏమిటా ముఖం?"

"మీసం."

"అది గడ్డం దాకా కారింది బాబూ!"

భయం సంగతి అడిగాడు. "కప్పలంటే. ఎవరితోనూ అనకు."

"అనక తప్పదు" అని, మూడోదీ అడిగాడు.

ఆమె చేతులు ఆగాయి. "నువ్వెవరో నాకు తెలియదు. నాకు మా అమ్మ దగ్గరకు పోవాలనుంది."

దిగేటప్పుడు మెట్లు ఎక్కువగా అనిపించాయి.

"ఇష్టమేనని చెప్పు, ఇక్కడే పెళ్ళి చేస్తాను" అన్నాడు కంకాళుడు.

రత్నపాలుడు చిలుకకే చెప్పాడు. "కప్పలంటే భయం. నా మీసం చూస్తే నవ్వు. నేనంటే ఇష్టం లేదు."

పంజరం తెరుచుకుంది. చిలుక వచ్చి వాడి చేతిమీద వాలింది. కంకాళుడు కాళ్ళ మీద పడ్డాడు. రత్నపాలుడు అతని చేత అన్నలకు ప్రాణం పోయించి, కంకాళుడి పడవలోనే వాళ్ళను ఇంటికి తీసుకుపోయాడు. బయలుదేరే ముందే మందారికను తాబేలు మీద వాళ్ళ అమ్మ దగ్గరకు పంపించాడు. తను వెనక ఎక్కలేదు.

ఇంటికొచ్చి ముఖం కడుక్కున్నాడు. ఇంకే పటానికీ దండ వేయలేదు. మూడేళ్ళు గడిచాయి. ఒక ఉదయం తాబేలు మీద మందారిక దిగింది.

"పటం పంపితే దండ వేసి కూర్చుంటావని నేనే వచ్చాను. ఆ మీసం నిజందేనా?"

"లాగి చూడు."

లాగి చూసింది. ఆరు నెలలు అక్కడే ఉండి మనిషినీ చూసింది. ఆ తర్వాతే పెళ్ళి.

అన్నలకు రాజ్యం మీద ఆశ లేకపోయింది. రత్నపాలుడు పటాల గోడకు సున్నం కొట్టించి, జుట్టు నెరిసేదాకా పాలించాడు. చిలుక జామపండ్లు తింటూ ఆ ఇంట్లోనే ఉంది, అందుకే కంకాళుడు బుద్ధిగా ఉన్నాడు. వానాకాలంలో రోజూ ముందుగా గదిలోకి వెళ్ళి, మంచం కింద కప్పలున్నాయేమో చూసి వచ్చేది మాత్రం రాజే.