బొల్లిపెట్ట మర్చిపోయిన కేక

ఊరి చివర పూరింటి దొడ్లో బొల్లిపెట్ట ఒక్కతే మిగిలింది. తోటి కోళ్ళన్నీ తెగులొచ్చి పోయాయి. పలకరించే దిక్కులేక అది పగలంతా తనలో తానే గొణుక్కునేది. "గింజ దొరికితే పొట్టి పిలుపు. ఆపదొస్తే పొడుగాటి కేక." ఈమధ్య ఆ రెండూ కలగాపులగం అవుతున్నాయి. ఎవరికీ నేర్పకుండానే అన్నీ మర్చిపోతానేమోనని దాని దిగులు.

ఒకనాడు సర్కారు ఆఫీసువాళ్ళు ఆ ఇంటి ఇల్లాలికి అట్టపెట్టెలో కోడిపిల్లల్ని తెచ్చిచ్చారు, పెంచుకుని బతకమని. అవి యంత్రంలో పుట్టిన పిల్లలు, తల్లిని ఎరగవు. ఇల్లాలు సత్తుపళ్ళెం మోగిస్తే ఉరికొచ్చి దాణా తినేవి. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడు మోగుతుందా అని నిలబడి చూసేవి.

"దాణా బస్తా అడుగంటిందర్రా! రండి, పెంటదిబ్బ కెలకడం నేర్పుతాను," అంది బొల్లిపెట్ట.

"కాళ్ళకు మట్టవుతుంది నాయనమ్మా!"

"కానీండి. ఆ మట్టి కిందే ఉంది మీ తిండి."

ఒక పిల్ల భయపడుతూనే కెలికింది. "అమ్మో, ఇది కదులుతోంది!"

"కదిలేదే రుచి. మింగు!"

మింగింది. ఇక ఆ రుచి తగిలాక మిగతావీ దిబ్బ మీద పడ్డాయి. పురుగు దొరికినప్పుడల్లా బొల్లిపెట్ట పొట్టి పిలుపు పిలిచేది, పిల్లలు పరుగెత్తుకొచ్చేవి.

కంచె అవతల నుంచి నక్క ఇదంతా చూసింది. "ఏం అత్తా, ఈ వయసులో బడి పెట్టావా?"

"ఎవరు నాయనా నువ్వు?"

నక్క విరగబడి నవ్వింది. "నిన్ననే చెప్పాను కదే, నక్కనని! నీ బుర్రలో నిలవనిది వాళ్ళ బుర్రలోకేం ఎక్కిస్తావు?"

ఆ మాట బొల్లిపెట్టకు గుచ్చుకుంది.

మర్నాడు ఇల్లాలు కూలికెళ్ళగానే నక్క ఎక్కడిదో పాత పళ్ళెం నోట కరుచుకొచ్చి, కంచె కంత దగ్గర పెట్టి ఎముకతో కొట్టింది. టంగు, టంగు! పిల్లలు తలలెత్తి అటు పరుగు తీశాయి.

కంతలో బొల్లిపెట్టకు నక్క మూతి కనబడింది. కేక వెయ్యాలి. నోరు తెరిచింది. కేక రాలేదు. ఎంత వెతుక్కున్నా గొంతులో పొట్టి పిలుపే పలికింది.

"అయ్యో, ఇది కాదే!" అనుకుంటూనే మళ్ళీ మళ్ళీ అదే పిలిచింది, దిబ్బను పిచ్చిగా కెలుకుతూ.

పిల్లలు సగం దారిలో ఆగాయి.

"అటు పళ్ళెం, ఇటు నాయనమ్మ. ఎటు పోదాం?"

"పళ్ళెంలో రోజూ ఆ పొడేగా! దిబ్బలో చెదలు పడ్డట్టున్నాయి, పదండి!"

అన్నీ వెనక్కి తిరిగాయి. నక్కకు ఒళ్ళు మండి పళ్ళెం సొట్టలు పడేలా బాదింది. ఆ మోతకు వీధికుక్కలు లేచి తరుముకొచ్చాయి. పళ్ళెం అక్కడే వదిలి నక్క పొలాలకు అడ్డంపడి పరుగెత్తింది.

"చెదలేవీ నాయనమ్మా?"

"వెతుక్కోండి."

అవి వెతుక్కుంటూ దొడ్డంతా తలోదిక్కుకు చెదిరిపోయాయి. మళ్ళీ ఒక్కటీ దాని దగ్గరకు రాలేదు. ఇక వాటిని పిలవాల్సిన పనీ లేదు. బొల్లిపెట్ట గోడవార ఒంటరిగా కూర్చుని, ఆ పొడుగాటి కేక ఎలా మొదలవుతుందో గుర్తు చేసుకుంటూ ఉండిపోయింది.

పళ్ళేనికి అలవాటుపడ్డవాణ్ణి ఎవరైనా పిలుచుకుపోగలరు. వెతుక్కుని తినడం నేర్చినవాణ్ణి పిలుచుకుపోవడం ఏ నక్క తరమూ కాదు.