గాలికి ఎదురొడ్డిన గేదె

ఎర్రగుట్ట అడవిలో ఆడజంతువుల సైకిల్ పందెమంటే ఏనుగులు కూడా పనులు మానుకుని దారి పక్కన నిలబడతాయి. పందెం ఏటిగట్టున మొదలై, చెట్టన్నదే లేని మైదానం దాటి, కనుమ ఎక్కి, కొండకొమ్మున ముగుస్తుంది. జట్టుకి ఇద్దరు. ఇద్దరిలో ఎవరు ముందు గీత దాటినా గెలుపు జట్టుదే. పూలదండ మాత్రం ఒక్కరికే.

నక్క జంబుకి, తోడేలు కరాళి ఒక జట్టు. మూడేళ్లుగా దండ జంబుకిదే. ఈసారి వాటికి పోటీగా గేదె నీలవ్వ, లేడి చిత్ర దిగాయి. చిత్రకి ఇదే మొదటి పందెం. కొండ ఎక్కడంలో దాన్ని మించినవాళ్ళు లేరు గానీ, ఎదురుగాలి కొడితే ఎండుటాకే.

"నా వెనకే ఒదిగి రా చెల్లీ. కనుమ దాకా కాళ్ళలో సత్తువ దాచుకో," అంది నీలవ్వ.

"మరి నువ్వు అలిసిపోవా అక్కా?"

"గాలికి అడ్డం పడకపోతే ఇంత ఒళ్ళు నాకెందుకే?"

అన్నట్టే మైదానంలో నీలవ్వ గాలిని చీల్చుకుంటూ తొక్కింది. దాని చాటున చిత్ర, చిత్ర చాటున జంబుకి, కరాళి హాయిగా వచ్చాయి.

సగం దారిలో జంబుకి కన్ను గీటింది. కరాళి బాణంలా ముందుకు దూకింది. మాట చెప్పే వ్యవధైనా లేక, నీలవ్వ ఒక్క ఉదుటున వెళ్ళి కరాళి వెనక చక్రానికి అంటుకుపోయింది. రెండూ దూరమైపోయాయి.

జంబుకి చిత్ర పక్కకి చేరింది. "చూశావా చెల్లెమ్మా! మీ అక్కకి దండ మీద ఆశ పుట్టింది. నిన్ను నడిమైదానంలో వదిలేసింది. తరుము, నీకు తోడుగా నేను వెనకే ఉంటా."

చిత్ర గుండె భగ్గుమంది. ముందుకు వంగి కసిగా తొక్కింది. పది తొక్కులైనా కాలేదు, గాలి మొహాన చెంపదెబ్బలా కొట్టింది. ఊపిరాడలేదు.

'పొద్దుటి నుంచి అక్క కాసింది ఈ దెబ్బలనా! వదిలేసి పోయేదైతే అప్పుడే పోయేది కదా' అనుకుంది. తొక్కడం ఆపేసింది. జంబుకి ముందుకు రాగానే దాని వెనక్కి జారింది.

"అదేంటే?"

"అక్క గెలిస్తే మా జట్టే గెలిచినట్టు. నీకు దండ కావాలంటే నువ్వే తరుము."

మాటలు కోటలు దాటే జంబుకికి ఎదురుగాలిలో తొక్కిన అలవాటే లేదు. అయినా తప్పలేదు.

అక్కడ ముందున్న కరాళి రొప్పుతోంది. "కాసేపు నువ్వు ముందుండమ్మా," అంది.

"మా చెల్లి వెనకుంది. నేనెందుకు తొందరపడతాను?" అంది నీలవ్వ, దాని చాటునే అలుపు తీర్చుకుంటూ.

కనుమ మొదట్లో నాలుగూ కలిశాయి. కరాళి కాళ్ళు చచ్చుబడ్డాయి. జంబుకి నాలుక వేలాడేసింది. "రా చెల్లీ!" అని నీలవ్వ మొదటి మలుపు దాకా శక్తంతా పెట్టి లాగి పక్కకి తప్పుకుంది. ఇక చిత్ర కొండ మీదికి ఎగిరిపోయినట్టే పోయి, అందరికంటే ముందు గీత దాటింది.

గీత దగ్గర పందేనికి న్యాయం చెప్పే ముసలి ఎలుగుబంటి మీద జంబుకి విరుచుకుపడింది. "మైదానంలో గాలికి ఒళ్ళు హూనం చేసుకున్నది నేను. దండ దానికా?"

"మూడేళ్లు కరాళి ఒళ్ళు హూనమైంది. ఒక్కనాడైనా దాని పేరెత్తావా?" అంది ఎలుగుబంటి.

కరాళి జంబుకికి దూరంగా వెళ్ళి కూర్చుంది.

నీలవ్వ వచ్చేదాకా చిత్ర దండ ముట్టలేదు. వచ్చాక తెచ్చి దాని కొమ్ములకే వేసింది. "అక్కా, నిన్ను పది తొక్కుల సేపు అనుమానించాను," అంది కళ్ళనీళ్ళతో.

"పదేనా? నేనైతే ఇరవై తొక్కుల సేపు అనుమానించేదాన్ని," అని నీలవ్వ దాని నుదురు నాకింది.

నీతి: మన గెలుపు కోసం ఎదురుగాలి కాచినవారిని మరిస్తే, రేపటి గాలి మనమే కాచుకోవాలి.